ఒక్కపోటు సిస్టరు పెట్టిన లెక్క

పిల్లల వార్డులో ఆమె అసలు పేరు హాజరు పుస్తకానికి తప్ప ఇంకెవరికీ అవసరం లేకుండా పోయి పదకొండేళ్లయింది. డాక్టర్లకీ, ఆయాలకీ, లిఫ్టు నడిపే ముసలాయనకీ, చివరికి ఫోన్లో నంబరు దాచుకున్న సొంత మొగుడికీ ఆమె ఒక్కపోటు సిస్టరే.

ఆ పేరు ఎందుకు వచ్చిందో తెలియాలంటే పని ఎలాంటిదో తెలియాలి. పసిపిల్లల చేతిలో నరం వెతికి సెలైన్ సూది పెట్టడం ఆషామాషీ వ్యవహారం కాదు. సూది లోపలికి వెళ్లాక దాని మీదున్న సన్నటి ప్లాస్టిక్ గొట్టాన్ని నరంలో వదిలి, సూదిని వెనక్కి తీసెయ్యాలి. మందైనా, నీరైనా, రక్తమైనా ఎక్కేది ఆ గొట్టంలోంచే. పిల్ల బొద్దుగా ఉంటే నరం కొవ్వులో దాక్కుంటుంది. బక్కగా ఉంటే వేలి కింద జారిపోతుంది. ఒంట్లో నీరు తగ్గితే అసలు కనపడడమే మానేస్తుంది. పైగా ఆ చెయ్యి ఊరికే ఉండదు, గుంజుతుంది, గీరుతుంది. దాని సొంతదారు వార్డు పైకప్పు ఎగిరిపోయేలా ఏడుస్తూ ఉంటుంది.

పదకొండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం, నెల పిల్లాడి చేతితో పెద్ద డాక్టరు అరగంట తంటాలు పడి, చెమటలు కక్కి, "ఎవరైనా చూడండమ్మా" అని చేతులెత్తేశాడు. ఆమె అప్పుడే భోజనం గిన్నె మూత తీసింది. మూత మళ్లీ పెట్టి వచ్చింది, చేతులు కడుక్కుంది, ఒక్క పోటుతో పెట్టేసింది, తిరిగి వెళ్లి మూత తీసింది. అన్నంలోంచి ఇంకా పొగలు వస్తూనే ఉన్నాయని ఆయా ఇప్పటికీ చెబుతుంది. పొగల సంగతి కొంత ఆయా సొంత కవిత్వం కావచ్చు గానీ పేరు మాత్రం ఆ రోజే పడింది.

ఆ పేరంటే తనకు ఎంత మురిపెమో ఆమె పైకి చెప్పేది కాదు. కానీ కొత్తగా చేరిన నర్సు ఉత్తినే "నమస్తే సిస్టర్" అని పోబోతే, పక్కనున్నవాళ్లు "ఆవిడెవరనుకున్నావు!" అని అందించేదాకా అక్కడక్కడే తచ్చాడేది. మనిషన్నాక ఆ మాత్రం ఉంటుంది, తప్పేం లేదు.

ఇక్కడే వార్డు లోగుట్టు ఒకటి చెప్పాలి. సూది చర్మం దాటి పూర్తిగా బయటికి వస్తేనే రెండో పోటు కింద లెక్క. లోపలే కాస్త వెనక్కి లాగి, పక్కకి తిప్పి, మళ్లీ ముందుకు తోస్తే అది కొత్త పోటు కాదు, పాతదానికే కొనసాగింపు. ఈ సూత్రం ఏ పుస్తకంలోనూ లేదు, ఎవరూ పెట్టలేదు, ఎవరూ కాదనలేదు. ఒక్కపోటు సిస్టరు కూడా ఆ లెక్కలోనే ఒక్కపోటు.

సూదుల గది వార్డు చివర ఉండేది. గోడ మీద బాతు బొమ్మ, దాని కన్ను ఎవరో పిల్లాడు గోటితో గీకేశాడు. ఒక ఎత్తు బల్ల, కిర్రుమనే చక్రాల ట్రాలీ, గాజు పలక ఉన్న తలుపు. పిల్లని దుప్పట్లో బిగించి చుట్టేవాళ్లు, ఒకరు కాళ్లు, ఒకరు భుజాలు పట్టుకునేవాళ్లు. తల్లుల్ని బయటికి పంపేసేవాళ్లు. తల్లి ఉంటే పిల్ల ఇంకా ఏడుస్తుందని నమ్మకం.

అలా ఒక రోజు తలుపు బయట నిలబడిన తల్లుల్లో ఒక దర్జీ ఉంది. ఐదేళ్ల కూతురికి ఒంట్లో రక్తం సరిగా తయారుకాదు, నెలకోసారి బయటినుంచి ఎక్కించాలి. ఎక్కించినన్నాళ్లూ పిల్ల అందరి పిల్లల్లాగే ఆడుకుంటుంది. మానేస్తే నీరసపడి, పాలిపోయి, గుండె అలిసిపోయి ప్రాణం మీదకి వస్తుంది. ఇది తల్లికీ తెలుసు, వార్డుకీ తెలుసు.

ఆ రోజు ముగ్గురు నర్సులూ ఒక చిన్న డాక్టరూ కలిసి ఆ పిల్లని ఏడుసార్లు పొడిచారు. నరం దొరకలేదు. చివరికి "పిలవండి ఒక్కపోటుని" అన్నారు. ఆమె వచ్చింది, పెట్టింది, ప్లాస్టర్ వేసింది, తలుపు తీసి తల్లితో "అయిపోయిందమ్మా, నా చేతిలో ఒక్కటే" అంది. ఆ మాట ఆమెకు అలవాటు. తల్లులు చేతులు పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకోవడమూ అలవాటే.

దర్జీ చెయ్యి పట్టుకోలేదు.

"ఒకటి కాదు సిస్టర్, మూడు," అంది. "గాజులోంచి చూస్తూనే ఉన్నా. సూది బయటికి రాలేదు, నిజమే. లోపలే లాగారు, తిప్పారు, తోశారు. మళ్లీ లాగారు, మళ్లీ తోశారు."

"అది వేరే పోటు కాదమ్మా. సూది బయటికి తియ్యందే..."

"నేను పద్దెనిమిదేళ్ల నుంచి కుడుతున్నా. సూది బయటికొచ్చిందా లేదా అనేది కుట్టేవాళ్ల లెక్క. గుడ్డకి ఆ లెక్కతో పనేముంది?"

దర్జీ గొంతు పెంచలేదు, ఏడవలేదు. "వచ్చే నెల తీసుకురాను. మీ గేటు కనపడితే చాలు, వాంతి చేసుకుంటోంది. ఇంట్లో నా సూదుల డబ్బా మూత తీస్తే మంచం కిందకి దూరుతోంది. కన్నబిడ్డ నా చేతులు చూసి భయపడుతోంది సిస్టర్," అని లోపలికి వెళ్లి కూతురి పక్కన కూర్చుంది.

ఒక్కపోటుకి ఒళ్లు మండిపోయింది. ఎనిమిదోసారికైనా పెట్టింది ఎవరు? తాను రాకపోతే ఇంకో ఏడు పడేవి కావా? ఈ మంట ఆరకుండా ఇంటికి మోసుకుపోయి, మొగుడు డ్యూటీ బస్సు ఎక్కి వెళ్లిపోయాడు కాబట్టి, అత్తగారి ముందు కుమ్మరించింది.

అత్తగారు ముప్పైయేళ్లు బళ్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఇంట్లో గడియారం రెండు నిమిషాలు వెనకబడినా ఊరుకోదు. కళ్లజోడు నుదుటి మీదకి తోసుకుని మొత్తం విని, "ఇంతకీ మూడా, ఒకటా?" అని అడిగింది.

"బయటికి తియ్యలేదు అత్తయ్యా!"

"నేనడిగింది అది కాదు."

కోడలు వంటింటి గట్టు తుడిచింది. తుడిచిందే మళ్లీ తుడిచింది. "మూడే," అంది చివరికి.

"మరి కోపం ఆవిడ మీద ఎందుకమ్మాయ్?"

ఆ రాత్రి ఏం ఆలోచించిందో గానీ, మర్నాడు పొద్దున్నే ఆమె ఒక పెద్ద కాగితం మీద గళ్లు గీసి సూదుల గది తలుపుకి అంటించింది. పిల్లకో వరస. సూది గుచ్చిన ప్రతిసారీ ఒక గీత. లోపల వెనక్కి లాగి ముందుకు తోసినా గీతే. ఎవరు గుచ్చారో వాళ్ల గుర్తు.

వార్డు భగ్గుమంది. పెద్దసిస్టర్, అంటే వార్డు మొత్తానికి పెద్ద దిక్కు, కాగితం ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "కందకి లేని దురద కత్తిపీటకెందుకమ్మా? ఏ తల్లైనా వచ్చి ఫిర్యాదు చేసిందా?"

"కందకే దురద పుట్టింది పెద్దసిస్టర్. నిన్న దర్జీ అమ్మ నా మొహం మీదే చెప్పింది."

"రేపు పైవాళ్లొచ్చి ఈ కాగితం చూపించి ఒక్కొక్కరినీ వరసగా నిలబెడితే?"

"ముందు నన్నే నిలబెట్టమనండి."

"నీకేం తల్లీ, నువ్వు ఒక్కపోటువి," అంది వెనకనుంచి ఒక నర్సు. ఆ అనడంలో చురక ఉంది. ఒక్కపోటు తడుముకోలేదు. ఆ రోజు తన చేతి మీదుగా జరిగిన మొదటి పిల్లకి మూడు గీతలు, రెండో పిల్లకి రెండు గీతలు, అందరూ చూస్తుండగా, తన గుర్తు పక్కనే గీసింది. గది గొల్లుమంది. "పేరు గొప్ప ఊరు దిబ్బ!" అని ఎవరో అన్నారు కూడా. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. అయినా కాగితం తియ్యలేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే రకం మరి. ఆమె అన్ని గీసుకున్నాక మిగతావాళ్లకి దాచుకోవడానికి మొహం చెల్లలేదు, ఒక్కొక్కరే రాయడం మొదలుపెట్టారు.

నెల తిరిగేసరికి తొంభై ఆరుగురు పిల్లలు, మూడువందల ముప్పైతొమ్మిది పోట్లు. పిల్లకి మూడున్నర. ఆ కాగితాలన్నీ ఇంటికి తెచ్చి భోజనాల బల్ల మీద పరిస్తే, అత్తగారు పెన్సిల్ చెక్కుకుని కూర్చుంది. గంట తర్వాత కోడల్ని పిలిచింది.

"నీకు పేరు తెచ్చిన పిల్లలు ముప్పై ఒక్కమంది ఈ నెల. అంటే మిగతావాళ్లు చేతులెత్తేసి నిన్ను పిలిచినవాళ్లు. నువ్వు గదిలో అడుగుపెట్టే లోపే వాళ్లకి నూట నలభై పోట్లు పడ్డాయి. నీవి ఇంకో యాభై ఎనిమిది. అందరికంటే ఎక్కువ చిల్లులు పడింది నీ పిల్లలకే."

"వాళ్ల నరాలు కష్టమైనవి అత్తయ్యా."

"కష్టమని మొదటి పోటుకే తెలుస్తుందా, తెలీదా?"

"తెలుస్తుంది."

"మరి నాలుగు దాకా ఎందుకు ఆగారు?"

ఒక్కపోటు కుర్చీలో కూలబడింది. ఎందుకంటే పిలవడం ఓటమి కాబట్టి. ఇంకొక్కటి చూద్దాం, ఇంకొక్కటి, ఎలాగూ చివరికి ఆవిడ ఉందిగా! ఆమె ఉందన్న ధైర్యంతోనే అందరూ పొడుచుకుంటూ పోయారు. ఆమె ఉందన్న ధైర్యంతోనే ఎవరూ సరిగా నేర్చుకోలేదు. ఇక ఆమె, ఎవరికీ నేర్పకుండా, పిలిచినప్పుడల్లా చీర సర్దుకుని మహారాణిలా వెళ్లింది. ఆ కాగితాల్లో అన్నిటికంటే ఆమెను కాల్చింది ఈ సంగతే. పళ్లెంలో అన్నం చల్లారిపోయింది, తినలేకపోయింది.

మర్నాడు పెద్దసిస్టర్ దగ్గరికి వెళ్లింది. "ఒక మనిషికి రెండు పోట్లు. రెండూ తప్పితే ఆపి ఇంకొకరిని పిలవాలి. వాళ్లకీ రెండే. నాలుగూ తప్పితే ఆ పూటకి ఆపేసి పెద్ద డాక్టరుకి చెప్పాలి, ఆయన వేరే దారి చూస్తాడు. ప్రాణం మీదకొచ్చిన పిల్లకి ఈ లెక్క వద్దు, వాళ్లకి ఏం చెయ్యాలో అది చేద్దాం. మిగతా అందరికీ ఇదే."

"నీక్కూడానా?"

"నాక్కూడా."

పెద్దసిస్టర్ మింగలేక కక్కలేక చూసి, "నెల రోజులు చూద్దాం. తేడా వస్తే కాగితం నువ్వే చింపాలి," అంది.

పని అక్కడినుంచి మొదలైంది. దుప్పట్లో చుట్టడం మానిపించింది. పిల్ల తల్లి ఒళ్లోనే, తల్లి గుండెకి ఆనుకుని కూర్చోవాలి. తల్లి ఉంటే ఎక్కువ ఏడుస్తారన్న మాట రెండు రోజుల్లోనే తేలిపోయింది, ఏడుస్తారు గానీ గుంజరు. తొందరలేని పిల్లలకి చర్మం మొద్దుబారే పూత రాసి గంట ఆగమంది. "గంటా!" అని నర్సులు గుండెలు బాదుకున్నారు. "నాలుగుసార్లు పొడవడానికి పట్టేది కూడా గంటే," అంది ఆమె. గోరువెచ్చటి తడిగుడ్డ చేతికి చుట్టిస్తే నరం పైకి తేలుతుంది. చీకటి చేసి అరచేతి కింద చిన్న టార్చి దీపం పెడితే చెయ్యంతా ఎర్రగా వెలిగి నరం నల్లగీతలా కనపడుతుంది. ఇవేవీ ఆమె కనిపెట్టినవి కావు, అందరికీ తెలిసినవే. తెలిసినవి చెయ్యకపోవడమే ఆ వార్డు జబ్బు. గొట్టం పెట్టి చేతులు దులుపుకుంటే కుదరదని, గంటకోసారి వచ్చి చెయ్యి వాచిందేమో చూడాలని కూడా పట్టుబట్టింది, ఎందుకంటే గొట్టం పాడైతే మళ్లీ పొడవాలి.

ఆ రోజుల్లోనే ఎముకల వార్డునుంచి వస్తాదు బదిలీ అయి వచ్చాడు. నలభై దాటిన మగ నర్సు. విరిగిన కాళ్ల పెద్దమనుషుల్ని ఒంటిచేత్తో మంచం మీదకి మార్చిన మనిషి, అందుకే ఆ పేరు. వేళ్లు ఒక్కోటీ పసిపిల్ల మణికట్టంత ఉండేవి. పెద్దసిస్టర్ అతన్ని చూసి, "నన్ను శిక్షించడానికే పంపారు," అంది.

ఒక్కపోటు అతన్ని తన పక్కన పెట్టుకుంది. మొదటి రోజు అతను పిల్ల చెయ్యి పట్టుకుని నిమిషం, రెండు నిమిషాలు, ఐదు నిమిషాలు అలా చూస్తూ కూర్చున్నాడు.

"ఏం వస్తాదూ, ముహూర్తం ఇంకా రాలేదా?"

"తొందరపడితే నాకు చేతకాదక్కా," అన్నాడు అతను సిగ్గుపడుతూ. "నా వేళ్లు చూశావుగా. అందుకే ముందు కళ్లతోనే పని చేసుకుంటా."

ఆమెకు నవ్వొచ్చి, తర్వాత నవ్వు ఆగిపోయింది. పదకొండేళ్లలో తాను ఏ చేతినీ ఐదు నిమిషాలు చూడలేదు. అతని దగ్గర చూడడం ఆమె నేర్చుకుంది, ఆమె దగ్గర సూది వంపు అతను నేర్చుకున్నాడు. ఇంట్లో అత్తగారి చేతి మీద కూడా దీపం పెట్టి నరాలు వెతికించింది. "బళ్లో నల్లబల్ల మీద రాశాను, రిటైరయ్యాక నేనే బల్లనా?" అని గొణిగింది గానీ ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

చిన్న డాక్టరుతో ఒకసారి పెద్ద గొడవే అయింది. రెండూ తప్పి మూడోదానికి సూది విప్పుతుంటే ఆమె ట్రాలీని పక్కకి లాగేసింది. "నరం దొరికేసింది సిస్టర్, ఇంకొక్కటంటే ఒక్కటి!" అన్నాడు. "ఆ ఒక్కటే డాక్టరుగారూ ఈ వార్డుని ముంచింది," అంది. అతను విసవిస వెళ్లి పెద్ద డాక్టరుకి చెప్పాడు. పెద్ద డాక్టరు కాగితం ముందు చాలాసేపు నిలబడి, తన గుర్తు పక్కనున్న గీతలు తనే లెక్కపెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఎవరూ ట్రాలీ జోలికి రాలేదు.

పిల్లకి మూడున్నర పోట్లు కాస్తా రెండుకి దిగింది. పెద్దసిస్టర్ కాగితానికి గాజు చట్రం కట్టిద్దామా అని అడిగింది. అందరూ సంబరపడ్డారు, ఒక్కపోటు తప్ప. దర్జీ కూతురు రాలేదు.

మొదటి నెల రాలేదంటే ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్లిందని తెలిసింది. రెండో నెల గడువు దాటి పది రోజులైంది. ఫోన్ ఎత్తడం లేదు. ఆ పదోరోజు డ్యూటీ దిగి, ఒక్కపోటు చిరునామా పట్టుకుని వెళ్లింది.

మెట్ల కింద ఇరుకు కొట్టు. ఒక మిషను, గోడ నిండా వేలాడే సగం కుట్టిన బట్టలు. దర్జీ ఆమెను చూసి మిషను ఆపింది, లేవలేదు. బల్ల కింద పిల్ల గుండీల డబ్బా పెట్టుకుని కూర్చుంది. ఆడడం లేదు, గోడకి ఆనుకుని ఉంది. పెదవుల్లో రంగు లేదు.

"అక్కడ తొమ్మిది పొడిచారు," అంది దర్జీ. "గేటు మారింది, అంతే. ఇక దేనికి రమ్మంటారు? పొడిచి పొడిచి చంపుతూ బతికించాలా?"

"మాట చెబుదామని వచ్చానమ్మా. నావి రెండు, ఇంకొకరివి రెండు. అంతే."

"లోపల తిప్పితే?"

"తిప్పిన ప్రతిసారీ ఒకటి. మీరు చెప్పిన లెక్కే."

"మీరైనా?"

"నేనైనా. మీరు లోపలే ఉండండి, ఒళ్లో పెట్టుకోండి. మీరే లెక్కపెట్టండి. నేను మాట తప్పితే పిల్లని ఎత్తుకుని వెళ్లిపోండి, ఇంకెప్పుడూ మీ గుమ్మం తొక్కను."

బల్ల కిందనుంచి సన్నగా వినిపించింది. "రెండంటే రెండేనా?"

ఒక్కపోటు నేల మీద మోకాళ్లు ఆన్చి, బల్ల కిందకి వంగి, "రెండంటే రెండే," అంది. పిల్ల నమ్మినట్టు కనపడలేదు. నమ్మడానికి ఆ పిల్లకి ఇంతవరకూ ఎవరూ కారణం ఇవ్వలేదు.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి దర్జీ కూతుర్ని భుజాన వేసుకుని వచ్చింది. గేటు దగ్గర పిల్ల వాంతి చేసుకుంది. దర్జీ మూతి తుడిచి లోపలికి నడిచింది. "ఇది ఆఖరుసారి," అంది ఒక్కపోటుతో, కోపంగా కాదు, తేదీ చెప్పినట్టు.

పూత రాశారు, గంట ఆగారు. గోరువెచ్చటి గుడ్డ చుట్టారు. ఒక్కపోటు ఐదు నిమిషాలు చూసింది, దీపం పెట్టి ఇంకో ఐదు నిమిషాలు చూసింది. రెండేళ్లుగా పొడిపించుకున్న చేతులు, మంచి నరాలన్నీ గట్టిపడిపోయాయి. ఎడమ చేతి వెనక ఒకటి సన్నగా దొరికింది. తల్లి ఒళ్లో పిల్ల కళ్లు మూసుకోకుండా సూదినే చూస్తోంది. ఆమె గుచ్చింది. రక్తం కనపడింది, గొట్టం తోసేలోపే నరం చిట్లి చర్మం ఉబ్బింది. సూది తీసేసింది, దూది అదిమింది. ఒకటి.

గదిలో పెద్దసిస్టర్ ఉంది, చిన్న డాక్టరు ఉన్నాడు, వస్తాదు గోడకి ఆనుకుని ఉన్నాడు. ఎవరూ పనులకి పోలేదు. ఒక్కపోటు ఎలా పెడుతుందో చూద్దామనే వచ్చారు అందరూ.

రెండోది మణికట్టు పక్కన. సూది వెళ్లింది, రక్తం రాలేదు. నరం పక్కకి జారింది. ఎక్కడికి జారిందో ఆమె వేలికి స్పష్టంగా తెలుస్తోంది, గోరంత దూరంలో, వేలి కిందే ఉంది. సూది ఇంకా చర్మం లోపలే ఉంది. కాస్త వెనక్కి లాగి, కుడివైపు తిప్పి, ముందుకు తోస్తే చాలు, దొరుకుతుంది. పదకొండేళ్లుగా వేల సార్లు చేసిన పని. చెయ్యి తనంతట తనే లాగడానికి సిద్ధమైంది.

"నీకు తెలుస్తోంది కదా, తిప్పు, దొరుకుతుంది," అంది పెద్దసిస్టర్ మెల్లగా. "ఎవరు లెక్కపెడుతున్నారు?"

దర్జీ లెక్కపెడుతోంది. కూతుర్ని పట్టుకున్న చేతులు లేవడానికి సిద్ధంగా బిగుసుకున్నాయి. పిల్ల కూడా చూస్తోంది.

తీస్తే? వస్తాదు కూడా తప్పితే? రక్తం ఎక్కకుండానే ఈ పూట గడిచిపోతే? తిప్పితే ఇప్పుడే అయిపోతుంది, ఈ నెలకి పిల్ల బతుకుతుంది. వచ్చే నెల రాదు. ఒక్కపోటు అంత కష్టమైన పని జీవితంలో ఎప్పుడూ చెయ్యలేదు. సూదిని తిన్నగా బయటికి తీసేసింది.

"నావి అయిపోయాయి," అంది. లేచి కాగితం దగ్గరికి వెళ్లి తన గుర్తు పక్కన రెండు గీతలు గీసి, "వస్తాదూ, రా," అంది.

పిల్ల ఏడుపు ఆపేసింది. ఆగుతారని అనుకోలేదు ఆ పిల్ల. నోరు తెరుచుకుని ఒక్కపోటు వంకే చూస్తూ ఉండిపోయింది.

వస్తాదు తొందరపడలేదు. గుడ్డ మళ్లీ వెచ్చబెట్టించాడు, కుడిచేతికి చుట్టి పావుగంట కూర్చున్నాడు. మొదటిది తప్పింది. అతని నుదుటి మీద చెమట కారి చెవి దాకా వచ్చింది, తుడవడానికి ఎవరికీ తోచలేదు. చిన్న డాక్టరు కిటికీ వైపు తిరిగాడు. వస్తాదు దీపం జరిపాడు, చూశాడు, ఇంకా చూశాడు. ఆ లావు వేళ్లతో మోచేతి కింద ఎవరూ చూడని చోట మెల్లగా గుచ్చాడు. గొట్టంలోకి ఎర్రగా రక్తం వచ్చింది. అతను ఊపిరి కూడా తియ్యకుండా గొట్టం తోసి, "ఉంది," అన్నాడు. పెద్దసిస్టర్ ప్లాస్టర్ చింపుతూ ముక్కు ఎగబీల్చింది.

నాలుగు పోట్లు. కాగితం మీద అది గొప్ప రోజేమీ కాదు.

మధ్యాహ్నానికి సంచీలో రక్తం సగానికి దిగింది. పిల్ల పెదవులకి రంగు రావడం మొదలైంది. ఒక్కపోటు గంటకోసారి వచ్చి చెయ్యి చూస్తోంది. ఆ పొద్దున అందరి ముందూ తన చేతిలో తప్పిన సంగతి వార్డంతా చెప్పుకుంటోందని ఆమెకు తెలుసు. బాధగానే ఉంది, లేదని చెబితే అబద్ధం. మూడోసారి వచ్చినప్పుడు పిల్ల ఆమె కొంగు పట్టుకుని ఆపింది.

"నీకు రాలేదు కదా?"

"రాలేదమ్మా."

పిల్ల కాసేపు ఆలోచించింది. జాలిగా చూసి, "పోనీలే," అంది. "వచ్చేసారి కూడా మొదట నీకే ఇస్తాలే. రెండు."

దర్జీ కాళ్ల దగ్గర కూర్చుని అంతా వింటోంది. కాదనలేదు. సంచీలోంచి ఆసుపత్రి కార్డు తీసి, తిరగేసి, ఖాళీ ఉన్న వైపు ఒక్కపోటుకి అందించింది.

"ఎన్నో తారీకున రమ్మంటారో రాయండి సిస్టర్."

ఒక్కపోటు కలం తీసుకుంది. కళ్లు మసకబారి అంకె సరిగా పడలేదు. కొట్టేసి మళ్లీ రాసింది.